ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌కి వెళ్లొచ్చే తుపాకీ: .32లో ఏది తీసుకుంటే నమ్మకం?

నల్లరేగడి
.32 బోరు హ్యాండ్‌గన్‌కి లైసెన్సు చేతికొచ్చింది. ఇంకా కొనలేదు. ధర ఎలాగోలా సర్దుకుంటాను. కొన్నాక ఆ వస్తువు ఎన్ని రోజులు మన దగ్గర ఉంటుందనేదే నా బాధ. తెలంగాణలో 2023 అక్టోబరు 9న కోడ్ వచ్చింది, డిసెంబరు 3న ఫలితాలు. అంటే 55 రోజులు. మూడున్నర నెలలు తిరక్కుండానే 2024 మార్చి 16న లోక్‌సభ కోడ్, జూన్ 4 దాకా ఇంకో 80 రోజులు. తర్వాత పంచాయతీలు, మున్సిపాలిటీలు ఎలాగూ ఉంటాయి. డిపాజిట్ చేయమని చెప్పిన ప్రతిసారీ తుపాకీ స్టేషన్‌లో ఆయుధాలు దాచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదిలో పడుంటుంది. అక్కడ తుడిచేవాళ్లెవరూ ఉండరు.

నెలల తరబడి అలా పడుండి తిరిగొచ్చాక కూడా ధైర్యంగా చేతిలోకి తీసుకోగలిగే తుపాకీ ఏది? రివాల్వరా, పిస్టలా? ఇంకో సందేహం. రేపు అందరి తుపాకులూ మొత్తానికే ఇచ్చేయమంటే ఏం చేయాలి?

వరంగల్_శీను
పిస్టల్ తీసుకోండి అన్నా. అశని. పేరులోనే పిడుగు ఉంది. పల్చగా ఉంటుంది, నడుముకి ఎత్తుగా కనపడదు. మ్యాగజీన్ మార్చడం రెండు క్షణాల పని.

పాత_ఆర్మరర్
శీను చెప్పిన రెండు లాభాలూ నిజమే. కానీ నల్లరేగడి గారు అడిగింది వేరు. రోజూ తుడిచి, వారానికోసారి రేంజ్‌కి తీసుకెళ్లే తుపాకీ సంగతి వేరు, మూడు నెలలు చేతికి అందకుండా పోయే తుపాకీ సంగతి వేరు. అలాంటిదానికి రివాల్వరే మేలు.

ఎందుకంటే రివాల్వర్‌ని విప్పకుండానే ముక్కాలు భాగం పరీక్షించొచ్చు. కాన్పూర్ .32 రివాల్వర్ మార్క్-3 టాప్ బ్రేక్ రకం. లాచ్ నొక్కి బ్యారెల్‌ని కిందికి వంచితే సిలిండర్ ఆరు గదులూ, బ్యారెల్ లోపలి గాడులూ, కాలిన ఖాళీ కేసుల్ని బయటికి లేపే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం ఒకేసారి కనపడతాయి. పిస్టల్ అలా కాదు. స్లయిడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) తీయాలి, దాన్ని ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగ్ చూడాలి, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మురికి చూడాలి, మ్యాగజీన్ పెదవులు, అంటే రౌండుని (తూటాని) పట్టి ఉంచే పై అంచులు, వంగాయేమో చూడాలి. మ్యాగజీన్ ఒక్కసారి సిమెంటు నేల మీద పడి పెదవి అర మిల్లీమీటరు వంగినా రౌండు సరిగా ఎక్కదు. స్టేషన్‌లో పాత పెట్టెలో, నాలుగు తుపాకుల కింద దాన్ని ఎవరు ఎలా పడేశారో మీకెలా తెలుస్తుంది?

రౌండు పేలకపోతే రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ లాగితే తర్వాతి గది వస్తుంది. పిస్టల్‌లో స్లయిడ్ లాగి ఆ రౌండుని బయటికి విసరాలి. దానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

రేంజ్_శనివారం
పైన చెప్పినదానికి తోడు .32 ఏసీపీ రౌండుకి పుట్టుకతోనే ఒక జబ్బుంది. అది సెమీ రిమ్డ్. అంటే అడుగు అంచు కొంచెం బయటికి పొడుచుకొని ఉంటుంది. మ్యాగజీన్‌లో పై రౌండు అంచు కింది రౌండు అంచుకి ముందు కూర్చోవాలి. వెనక్కి జారితే రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి. స్లయిడ్ ఎంత తోసినా పై రౌండు కదలదు. దీన్నే రిమ్ లాక్ అంటారు. తట్టి లాగితే పోయే జామ్ కాదది. మ్యాగజీన్ బయటికి తీసి, స్క్రూడ్రైవర్ మొనతో రౌండుని కిందికి నొక్కి విడదీయాల్సిందే.

నింపేటప్పుడు ఒక్కో రౌండుని వెనక గోడకి ఆనేదాకా తోసి, అంచు ముందు వెనకలు కంటితో చూసుకుంటూ నింపితే చాలావరకు రాదు. చీకట్లో హడావుడిగా నింపితేనే వస్తుంది.

వరంగల్_శీను
మరి రివాల్వర్‌కి జబ్బులు లేవా? టాప్ బ్రేక్‌లో ఖాళీ కేసు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద ఇరుక్కుంటే ఏంటి పరిస్థితి?

పాత_ఆర్మరర్
మంచి ప్రశ్న శీనూ. అది నిజంగా జరుగుతుంది. తుపాకీ మూతి నేల వైపు ఉండగా మెల్లగా తెరిస్తే కేసులు సగం లేచి, ఒకటి మళ్లీ గదిలోకి జారుతుంది. ఈలోపు నక్షత్రం దాని మీదుగా కిందికి కూర్చుంటుంది. ఇక రివాల్వర్ మూతపడదు. విరుగుడు: తుపాకీని పక్కకి తిప్పి, మూతి కొంచెం పైకి పెట్టి, ఒకే ఊపులో చివరిదాకా తెరవాలి. కేసులు వాటంతట అవే రాలతాయి.

రెండోది, లాచ్ అరుగుదల. మడత బందు దగ్గర, పైన లాచ్ దగ్గర వదులు వస్తే బ్యారెల్ ఆడుతుంది. కొనేటప్పుడే ఖాళీ తుపాకీని మూసి, బ్యారెల్ పట్టుకొని పైకీ కిందికీ కదిపి చూడండి. కొత్తదానిలో ఆట అసలు తెలియకూడదు.

మూడోది, కొట్టుడు బలం. మెయిన్ స్ప్రింగ్ నీరసిస్తే ప్రైమర్ (కేసు అడుగున మందుకి నిప్పు రాజేసే చిన్న బిళ్ల) మీద పడే గుంట లోతు తగ్గుతుంది. కాల్చిన కేసుల అడుగు చూడండి. గుంట మధ్యలో, గుండ్రంగా, అన్నింటికీ ఒకే లోతులో ఉండాలి. ఒకటి లోతు, ఒకటి పైపైన ఉంటే స్ప్రింగో, పిన్ను మొనో చూపించుకోవాలి. ట్రిగ్గర్ తేలికవడానికని స్ప్రింగ్ కత్తిరించి ఇచ్చే మిస్త్రీలున్నారు. వాళ్ల దగ్గరికి పోవద్దు. ఆ తేలిక రేపు క్లిక్‌మని మోగి ఊరుకోవడానికే పనికొస్తుంది.

మంజీర
మార్క్-3 సరే. నిర్భీక్, ప్రబల్, నిడర్... వీటి మాటేంటి? బ్రిటిష్ కంపెనీ వెబ్లీవి కూడా ఇక్కడే చేస్తున్నారట కదా?

రేంజ్_శనివారం
ఒక్కొక్కటీ చెప్తా.

నిర్భీక్: 2014 జనవరిలో కాన్పూర్ నుంచి వచ్చింది. టైటానియం మిశ్రమం, దాదాపు 500 గ్రాములు. విడుదలైనప్పుడు ధర 1,22,360 రూపాయలు. ఇదీ .32, ఇదీ టాప్ బ్రేకే. బరువు తగ్గితే మోయడానికి సుఖం, కాల్చడానికి కాదు. చేతిలో ఎక్కువ ఎగురుతుంది. తుప్పు విషయంలో మాత్రం మామూలు ఉక్కు కంటే నయం. కానీ లోపలి స్ప్రింగులు ఉక్కువేనన్న సంగతి మరవద్దు.

ప్రబల్: 2023 ఆగస్టు 18న కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ విడుదల చేసింది. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6, రౌండ్లు లేకుండా 700 గ్రాములు. సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, మధ్యలో మడత లేదు. ఆర్మరర్ గారు చెప్పిన బందు వదులు సమస్యే దీనికి రాదు. నల్లరేగడి గారికి నా ఓటు దీనికే.

నిడర్: .22 బోరు, 250 గ్రాములు, ఎనిమిది రౌండ్లు. జేబులో పడేసుకోవచ్చు. కానీ రిమ్‌ఫైర్. మందు కేసు అంచు మడతలో ఉంటుంది, అది చుట్టూ సమంగా పరుచుకోని చోట పిన్ను పడితే పేలదు. నమ్మకం మొదటి షరతైతే సెంటర్‌ఫైరే (పిన్ను అడుగు మధ్యలో కొట్టే రకం) తీసుకోవాలి. పైగా మీ లైసెన్సు మీద .32 అనే రాసుంటే ఇది కొనడానికే కుదరదు.

వెబ్లీ మార్క్-4 .32: యూపీ హర్దోయి జిల్లా సండీలాలో చేస్తున్నారు. టాప్ బ్రేక్. ఫినిషింగ్ బాగుంటుంది, ధర కూడా ఆ స్థాయిలోనే.

విదేశీ పాతవాటి జోలికి వెళ్లొద్దు. మామూలు పౌరులకి హ్యాండ్‌గన్ దిగుమతి 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అప్పటివి లక్షలు పలుకుతాయి, స్ప్రింగ్ విరిగితే మాత్రం దొరకదు. 9 ఎంఎం నిషేధిత బోరు, దాని ఆశే వద్దు.

315బోరు
"మొత్తానికే ఇచ్చేయమంటే" అని మొదట్లో అడిగారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మన దగ్గర అందులో కొంత ఇప్పటికే జరిగింది. 2019 ఆయుధ సవరణ చట్టం. అంతకుముందు ఒక మనిషికి మూడు. బిల్లులో ఒకటే అన్నారు, చివరికి రెండు దగ్గర ఆగింది. 2019 డిసెంబరు 14 నుంచి అమలు. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో పెట్టాలి. ఆ తర్వాత 90 రోజుల్లో లైసెన్సులోంచి కొట్టేస్తారు. తాతల నాటి వారసత్వ తుపాకీ అన్నా మినహాయింపు లేదు, అదీ రెండు లెక్కలోకే వస్తుంది. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది.

అప్పుడు చాలామంది పన్నెండు బోరు, .315 రైఫిలు ఉంచుకొని హ్యాండ్‌గన్ వదులుకున్నారు. చేను కాపలాకి అది సబబే. ఇల్లు, ప్రయాణం కోసమైతే తలకిందుల నిర్ణయం. నల్లరేగడి గారికి ఇంకో తుపాకీ ఉంటే ఈ లెక్క ముందే వేసుకోవాలి.

తెనాలి_లాయరు
చట్టం సంగతి కాస్త విడమర్చాలి. ఇక్కడ డిపాజిట్, జప్తు రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. కాదు.

ఎన్నికల డిపాజిట్: తుపాకీ మీదే, లైసెన్సు మీదే, తాత్కాలికంగా అప్పగిస్తున్నారు. ఎన్నికల సంఘం మార్గదర్శకాల ప్రకారం జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సుదారు సంగతీ చూడాలి. బెయిలు మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, గతంలో, ముఖ్యంగా ఎన్నికలప్పుడు, గొడవల్లో ఉన్నవాళ్లు, వీళ్లు ప్రధానంగా. బ్యాంకు సెక్యూరిటీ గార్డులకీ, పోటీల్లో పాల్గొనే షూటర్లకీ మినహాయింపు ఉంటుంది. అందరూ ఒకేసారి తెచ్చి పడేయండనే గంపగుత్త ఆదేశం చెల్లదని బొంబాయి హైకోర్టు గోవా కేసులో చెప్పింది. 2024లో అలహాబాద్ హైకోర్టూ అదే దారిలో వెళ్లింది.

ఆయుధ చట్టం సెక్షన్ 21: లైసెన్సు గడువు తీరినా, సస్పెండైనా, రద్దైనా తుపాకీ ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో పెట్టాలి.

సెక్షన్ 24ఎ: కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోట కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, ఫలానా రకం ఆయుధాలు ఎవరి దగ్గరా ఉండకూడదు అనొచ్చు. మీరు ఊహిస్తున్న "మొత్తానికే" అనేదానికి మన చట్టంలో అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

సెక్షన్ 32: శిక్ష పడ్డాక కోర్టు చేసేది. అసలు జప్తు అంటే అది.

లైసెన్సు రద్దు, సస్పెన్షన్ మీద సెక్షన్ 18 కింద అప్పీలుంది. కానీ నోటీసు చేతికొచ్చాక తుపాకీ ఇంట్లో ఉంచుకొని వాదించొద్దు. ముందు అప్పగించండి, రసీదు తీసుకోండి, తర్వాత ఎంతైనా పోరాడండి. దాచిపెట్టినవాడి లైసెన్సు తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

డల్లాస్_తెలుగు
లాయరు గారి రసీదు మాటకి ఇక్కడి ఉదాహరణ ఒకటి. 2005లో కత్రినా తుఫానప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో పోలీసులు జనం దగ్గర తుపాకులు తీసేసుకున్నారు. కోర్టు ఆపమంది. విపత్తు పేరుతో అలా తీసుకోకూడదని 2006లో కాంగ్రెస్ చట్టం చేసింది. అయినా తిరిగివ్వడం ఏళ్ల తరబడి సాగింది. కొన్నదానికి రుజువో, సీరియల్ నంబరో చూపించమన్నారు. ఇల్లే కొట్టుకుపోయినవాళ్ల దగ్గర కాగితం ఎక్కడుంటుంది? చివరికి 2008లో రాజీ కుదిరాక ప్రమాణ పత్రం మీద ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

సీరియల్ నంబరు రెండు చోట్ల రాసి పెట్టుకోండి. ఒకటి ఇంట్లో కాదు.

నల్లరేగడి
రసీదులో ఏమేం ఉండాలి? ఒక్క ముక్క "రివాల్వర్ 1" అని రాసిస్తే?

పాత_ఆర్మరర్
అలా రాస్తే తీసుకోవద్దు, మర్యాదగా మళ్లీ రాయించుకోండి. తయారీ, మోడల్, బోరు, ఫ్రేమ్ నంబరు, బ్యారెల్, సిలిండర్ మీద నంబరుంటే అవి కూడా, రౌండ్ల సంఖ్య, పిస్టలైతే మ్యాగజీన్లు ఎన్ని, హోల్‌స్టర్ ఇచ్చారా లేదా, తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర. "మంచి స్థితిలో ఉంది, తుప్పు లేదు" అన్న ఒక్క వాక్యం రాయించుకోగలిగితే బంగారం. రైటరు బిజీగా ఉంటే ఇవన్నీ తెల్ల కాగితం మీద రెండు ప్రతులు మీరే రాసుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. కోడ్ వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే వెళ్తే ఇవన్నీ ఓపిగ్గా చేస్తారు. ఆఖరి రోజు క్యూలో ఎవరికీ తీరిక ఉండదు.

స్టేషన్ గుమ్మం ఎక్కకముందే ఖాళీ చేసి ఉండాలి. సిలిండర్ తెరిచే ఉంచి లోపలికి తీసుకెళ్లండి, రౌండ్లు వేరే సంచిలో.

గోదావరి_గట్టు
తుప్పు గురించి నేను చెప్తా. బ్లూయింగ్ (నల్లనీలం పూత) చేసిన ఉక్కుకి కోస్తా గాలి, ఉప్పు, చెమట శత్రువులు. అప్పగించే ముందు రోజు చేయాల్సింది ఇది.

.32 ఇత్తడి బ్రష్ సాల్వెంట్‌లో ముంచి బ్యారెల్‌లో పదిసార్లు, ఒక్కో గదిలో ఐదేసి సార్లు. పాత పంచె గుడ్డ ముక్కలు తెల్లగా వచ్చేదాకా తోయండి. సీసం బులెట్లు వాడితే గాడుల మూలల్లో, ఫోర్సింగ్ కోన్ (సిలిండర్ వైపున్న బ్యారెల్ నోరు) దగ్గర బూడిద రంగు పొర పడుతుంది. అది ఉంటే దాని కింద తేమ దాక్కుంటుంది. పొడి గుడ్డతో తుడిచాక గన్ ఆయిల్ తడిపిన గుడ్డ ఒక్కసారి. లోపల, బయట పల్చటి పొర చాలు. మెరవాలి, కారకూడదు.

ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టొద్దు. వేలిముద్ర ఉన్న చోటే తుప్పు చుక్క లేస్తుంది, సరిగ్గా వేలి ఆకారంలో. తుప్పు పట్టనివ్వని వీసీఐ కాగితం దొరికితే అందులో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి జిప్ కవర్లో పెట్టండి.

ఎట్టి పరిస్థితుల్లోనూ తోలు హోల్‌స్టర్‌లో పెట్టి ఇవ్వొద్దు. తోలు తేమ పీలుస్తుంది, అందులో తోలు పదును చేసిన రసాయనాలుంటాయి. మూడు నెలల్లో తోలు ఆనిన చోటల్లా ఉక్కు గుంటలు పడుతుంది, రౌండ్లు పెడితే ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

మంజీర
కొబ్బరినూనె రాస్తే సరిపోదా? మా వైపు పన్నెండు బోరుకి అదే రాస్తారు.

గోదావరి_గట్టు
వద్దు మంజీర గారూ. వంటనూనె ఏదైనా గాలికి బంకలా మారుతుంది. పన్నెండు బోరు గొట్టం మీద పొర పడితే తుడిచేయొచ్చు. రివాల్వర్ లోపల హ్యామర్ పక్కన, పిన్ను దారిలో బంక చేరితే కొట్టుడు నెమ్మదిస్తుంది. కుట్టుమిషను నూనె రోజువారీ వాడకానికి ఫరవాలేదు, కానీ మరీ పల్చన. మూడు నెలలు నిలవదు.

ఎక్కువ పోయడం కూడా తప్పే. నూనె సిలిండర్‌లోంచి ప్రైమర్ అంచు గుండా లోపలికి దిగితే మందు చచ్చిపోతుంది. రౌండ్లకి అసలు నూనె తగలకూడదు.

రేంజ్_శనివారం
తిరిగి తెచ్చుకునేటప్పుడు చేయాల్సినవి. ఫలితాలొచ్చి వారం గడిచిన వెంటనే తిరిగివ్వాలని నిబంధన. మీరూ ఆలస్యం చేయొద్దు, అక్కడ పడున్న ప్రతి రోజూ తేమే.

రిజిస్టర్‌లో సంతకం పెట్టకముందే చూడండి. నంబర్లు కలిశాయా. బ్యారెల్ వెనక తెల్ల కాగితం పెట్టి మూతి వైపు నుంచి చూస్తే గాడులు మెరవాలి. నల్ల చుక్కలుంటే గుంటలు పడ్డట్టు. సంతకం పెట్టకముందే రిజిస్టర్‌లో రాయించండి, బయటికొచ్చాక ఎవరూ వినరు.

ఇంటికొచ్చాక, గదులన్నీ ఖాళీ అని రెండుసార్లు చూసుకొని, ట్రిగ్గర్ చివరిదాకా లాగి పట్టి సిలిండర్‌ని పక్కలకి కదపండి. కొద్దిగా ఆడితే మామూలే, టకటకా ఆడితే చూపించాలి. ఇలా ఆరు గదులకీ. తర్వాత సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు. బైకు మెకానిక్ ట్యాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ చాలు. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. 0.25 దాటితే పక్కలకి సీసం, నిప్పురవ్వలు చిమ్ముతాయి. 0.1 కంటే బాగా తక్కువైతే మసి పట్టగానే సిలిండర్ బిగుసుకుంటుంది.

వరంగల్_శీను
రౌండ్లు? అవీ స్టేషన్‌లోనే ఉన్నాయి కదా అన్ని రోజులు.

రేంజ్_శనివారం
వాటిని రక్షణకి నమ్మొద్దు. రేంజ్‌లో కాల్చేసి, లైసెన్సు మీద రాసిన సంఖ్య దాటకుండా కొత్త పెట్టె కొనుక్కోండి. కేఎఫ్ (ఖడ్కీ ఫ్యాక్టరీ) పెట్టె మీద లాట్ నంబరు చూసి ఒకే లాట్‌వి తీసుకుంటే మంచిది. చిలుము పట్టినవి, ప్రైమర్ చుట్టూ పచ్చ గీత ఉన్నవి కాల్చనే కూడదు, డీలర్‌కి ఇచ్చేయండి.

పాత రౌండ్లు కాల్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. క్లిక్‌మని పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశముంది. టప్‌మని నీరసంగా మోగితే వెంటనే ఆపేయండి. బులెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కొని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

315బోరు
.32 అని డబ్బా మీద రాసుంటే చాలనుకోవద్దు. రివాల్వర్‌కి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. పిస్టల్‌కి .32 ఏసీపీ. రెండూ వేరు. ఏసీపీ రౌండు రివాల్వర్ గదిలోకి దూరుతుంది కూడా, అదే ప్రమాదం.

తెనాలి_లాయరు
చాలామంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది. తుపాకీ స్టేషన్‌లో ఉన్నంత మాత్రాన లైసెన్సు గడువు ఆగదు. డిపాజిట్‌లో ఉండగానే గడువు తీరితే, ఫలితాలొచ్చాక వెళ్లినా ఇవ్వరు, పైన చెప్పిన సెక్షన్ 21 అడ్డమొస్తుంది. గడువు దగ్గరపడుతుంటే డిపాజిట్ రసీదు జతచేసి రెన్యువల్‌కి ముందే పెట్టుకోండి. కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనర్ దగ్గర, జిల్లాల్లో కలెక్టర్ దగ్గర.

నల్లరేగడి
గడువుకి ఇంకా నాలుగేళ్ల పైనే ఉంది, అది ఫరవాలేదు. ప్రబల్, మార్క్-3 రెండూ డీలర్ దగ్గర పక్కపక్కన పెట్టించుకొని చూస్తాను. ఫీలర్ గేజ్ జేబులో వేసుకెళ్తే డీలర్ ఏమనుకుంటాడో.

పాత_ఆర్మరర్
ఏమీ అనుకోడు, తెలిసినవాడు వచ్చాడని మంచి పీసు బయటికి తీస్తాడు. ఒకే మోడల్‌లో రెండు మూడు పీసులు అడగండి. ఒక్కోదాన్నీ ఖాళీగా నిర్ధారించుకొని, నెమ్మదిగా హ్యామర్ ఎత్తండి. హ్యామర్ నిలబడేలోపే సిలిండర్ తాళం టక్‌మని పడాలి. ఆరు గదులకీ పడాలి. ఒక్క గదికి ఆలస్యమైనా ఆ పీసు పక్కన పెట్టేయండి, "వాడుతుంటే సర్దుకుంటుంది" అంటే వినొద్దు.